రెండు సింహాల కుర్చీ

నేరేడ్‌మెట్‌లో ఎరిక్‌కి సొంత ఇల్లుంది గానీ, అందులో కాళ్లు చాపుకునే చోటు లేదు. హాల్లో ఫ్యాను కింద, టీవీకి ఎదురుగా ఉన్న జాగాని భార్య జ్ఞానమణి వాళ్ల తాతగారి కుర్చీ ఆక్రమించింది. చేతుల చివర చెరో సింహం తల, వీపు నిండా చెక్కిన ద్రాక్షగుత్తులు. ఆనుకుంటే ఒక్కో పండూ వెన్నులో దిగుతుంది.

"దీన్ని పాత సామాన్లోడు సుత తీస్కపోడు మణీ. తీసేసి రిక్లైనర్ వేస్కుందాం."

"మా తాత ఇందుల కూసోని బైబిల్ చదివిండు. మీరు కాళ్లు చాపి క్రికెట్ చూస్తరా?"

ముచ్చట అక్కడితో అయిపోయింది. ఎరిక్ మాత్రం రిక్లైనర్ కోసం గుట్టుగా డబ్బు దాస్తూనే ఉన్నాడు.

చర్చిలో కోత పండగ వచ్చింది. ఆ రోజు ఎవరికి తోచింది వాళ్లు దేవుడికి కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక గుమ్మడికాయ మొదలు కోడిపుంజు దాకా అన్నీ వేలం వేస్తారు. ఎరిక్ బుర్ర వెలిగింది. దేవుడికిచ్చినదాన్ని జ్ఞానమణి అయినా వెనక్కి అడగలేదు కదా! పైగా ఆవిడ పండగంతా బిర్యానీ స్టాల్ దగ్గరే ఉంటుంది.

కుర్చీని పాలిష్‌కి పంపుతున్నానని చెప్పి ఆటో ఎక్కించాడు. వేలం వేసే సంఘ పెద్ద అబ్రహాం గారికి అప్పగించి, "నా పేరు చెప్పకండి అంకుల్, గుప్త కానుక" అన్నాడు. ఆయన మురిసిపోయి భుజం తట్టారు.

పండగ నాడు గుమ్మడికాయలు పోయాయి, పుంజు పోయింది. "ఈ కుర్చీ వెయ్యి నుంచి షురూ!" అన్నారు అబ్రహాం గారు మైకులో. మగవాళ్ల వైపు వెనక వరసలో ఎరిక్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"రెండు వేలు!"

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన ఆ గొంతు విని అతను లేచి చూశాడు. బిర్యానీ గరిటెతో నిలబడి ఉంది జ్ఞానమణి.

"మా ఇంట్ల అచ్చం గిట్లాంటిదే ఉందంకుల్. పాలిష్‌కి పోయింది. ఇది దొరికితే జత అయితది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎరిక్ గబగబా ఆలోచించాడు. ఇది ఆవిడ కొంటే, రెండోది ఎప్పుడొస్తుందని రోజూ ప్రాణం తీస్తుంది. లేని కుర్చీని ఎక్కణ్నుంచి తేవాలి? ఉన్న ఒక్కదాన్ని తనే కొని, పాలిష్ అయిందని ఇంటికి తెచ్చుకోవడమే దారి.

"మూడు వేలు!" అని కీచుగా అరిచాడు.

సంఘమంతా మెడలు తిప్పింది. మొగుడూ పెళ్లాం ఒకే కుర్చీకి పోటీపడి పాడటం అక్కడెవరూ చూసి ఎరగరు.

"ఐదు!"

"ఏందీ మణీ, జెర కూసో! ఎనిమిది!"

"దేవుని పనికి తక్లీఫ్ ఏందండీ? పదిహేను!"

"పద్దెనిమిది!"

"ఇరవై నాలుగు!"

"ఇ... ఇరవై ఐదు!"

జ్ఞానమణి చల్లగా కూర్చుంది. అబ్రహాం గారు మూడోసారి కూడా పిలిచేశారు. రిక్లైనర్ డబ్బు మొత్తం కానుకల పెట్టెలో పడింది.

సాయంత్రం ఎరిక్ కుర్చీని మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. "పాలిష్ అయింది మణీ!"

"మంచిదాయె. మరి వేలంల కొన్నదేదీ?"

తను కొనడం సంఘమంతా చూసిందన్న సంగతే ఎరిక్‌కి అప్పటిదాకా తట్టలేదు.

జ్ఞానమణి ఎడమ సింహం నోట్లో వేలు పెట్టింది. "ఈ పన్ను చిన్నప్పుడు నేనే ఇరగ్గొట్టిన. పొద్దున చర్చిల బిర్యానీ గిన్నె దించంగనే చూసిన."

"తెలిసి సుత ఎందుకు పాడినవే?"

"పాత సామాన్లోడు సుత తీస్కపోడంటిరి గదా. మా తాత కుర్చీ ఖరీదు మీ నోటితోనే అందరికీ చెప్పించిన."

"మరి ఇరవై నాలుగు కాడ ఎట్ల ఆగినవ్?"

"మీరు దాచింది ఇరవై ఐదే గదండీ!"

కుర్చీ మళ్లీ ఫ్యాను కిందికే చేరింది. జ్ఞానమణి దాన్ని కొంగుతో తుడిచి, "అలిసిపోయిన్రు, కూసోండి" అంది, పెళ్లయ్యాక మొదటిసారి.

ఎరిక్ కూర్చున్నాడు. ద్రాక్షపళ్లు వెన్నులో దిగాయి.

"కాళ్లు మాత్రం చాపకండి" అని ఆవిడ టీవీ పెట్టింది.