సీటు వచ్చేదాకా సేవ

వందమంది తలుపు తడితే నలుగురినే లోపలికి రానిచ్చే గొప్ప కాలేజీలను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఈ రోజుల్లో ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందంటే అది ఆ కాలేజీల చలవే!

నమ్మరా? అమెరికాలో, కనెక్టికట్‌లో మా ఊరికి రండి. మా ఏటిని పిల్లలు ఈ ఏడాది తొమ్మిదిసార్లు శుభ్రం చేశారు. పదోసారి వచ్చినవాళ్ళకు ఏరడానికి ఏమీ దొరక్క, చెత్త ఇంటినుంచి తెచ్చుకున్నారు. ఊళ్ళో పదిహేడేళ్ళవాళ్ళు రెండు వందలమంది. సేవాసంస్థల అధ్యక్షులు రెండు వందల ముగ్గురు. సభ్యులకే కరువు!

ఇక వృద్ధాశ్రమం. మంగళవారం వస్తే చాలు, వయొలిన్లు పట్టుకుని నలుగురు కాచుకుని ఉంటారు. వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకోవడమే పెద్దలకు మిగిలిన ఆత్మరక్షణ. వాయించడం అవగానే పిల్లలు కాగితం చాపుతారు. కాలేజీ దరఖాస్తులో చూపించడానికి, గంటసేపు సేవ చేసినట్టు సంతకం కావద్దూ!

ఇలాంటి పుణ్యభూమిలో పుట్టి, మా అమ్మాయి లిన్నీయా నా పరువు తీసింది. రెండేళ్ళుగా ప్రతి గురువారం అదే ఆశ్రమానికి వెళ్ళి ఏమోస్ టటిల్ గారితో చదరంగం ఆడుతోంది. ఆయన ఒకప్పటి బస్సు డ్రైవరు, ఎనభై ఆరేళ్ళు. కాగితం లేదు, సంతకం లేదు. ఊరికే!

ఈ ఘోరం, ఫీజు పుచ్చుకుని పిల్లల దరఖాస్తులు దిద్దిపెట్టే ప్రూడెన్స్ హాచ్ గారి గదిలో బయటపడింది.

"సంతకాలేవమ్మా?" అన్నారావిడ.

"ఆడుకోడానికి సంతకం ఎందుకండీ?"

హాచ్ గారు కళ్ళజోడు తీశారు. "మరి ఆడినట్టు రుజువేంటి? అయినా ఒక్క ముసలాయన, ఒక్క బోర్డు... దీన్ని సేవ అనరు తల్లీ, కాలక్షేపం అంటారు. పదకొండు ఆశ్రమాలకి పాకించు. ఓ పేరు పెట్టు. నువ్వే అధ్యక్షురాలివి."

"గురువారం ఆయన నాకోసం చూస్తుంటారండీ."

నా భార్య కోరిన్ అందుకుంది. "ఆయనెక్కడికి పోతాడే? పోతే నీ సీటు పోతుంది గానీ!"

ఎంత దూరదృష్టి! నేను తల ఊపాను. మూడు వారాల్లో సంస్థ తయారు. పదకొండు ఆశ్రమాలు, ఇరవై రెండు బోర్డులు, ఒక లోగో. ప్రతి గురువారం ఒక ప్రారంభోత్సవం. ఇక ఆడే తీరిక ఎక్కడిది? అధ్యక్షులు ఎక్కడైనా ఆడతారా?

అయినా లిన్నీయా టటిల్ గారిని మరిచిపోలేదు. ఆయన దగ్గర ఓపిక నేర్చుకున్నానని దరఖాస్తులో ఆరు వందల యాభై మాటల వ్యాసం రాసింది. చదివి హాచ్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "చివర్లో ఆయన పోతే ఇంకా బాగా పండేది," అన్నారు.

మార్చి ఆఖర్లో సీటు వచ్చేసింది! కోరిన్ కేకు కోసింది. లిన్నీయా మాత్రం తినలేదు.

"నాన్నా, టటిల్ గారికి నువ్వు చెప్పవా? నేను వెళ్ళి ఐదు నెలలైంది. నాకు మొహం చెల్లట్లేదు."

గురువారం నేనే వెళ్ళాను. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. బల్లమీద పావులు పరిచి ఉన్నాయి. తెల్లవి ఖాళీ కుర్చీ వైపు.

"లిన్నీయాకి సీటొచ్చిందండీ," అన్నాను.

"వచ్చిందా! రాకేం చేస్తుంది? మంత్రి పోయినా ఆట వదలని మొండిఘటం!" ఆయన మొహం నిజంగానే వెలిగిపోయింది. "మంచి మాట చెప్పావయ్యా. కూర్చో."

కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక ఒక బంటును ముందుకు జరిపాను.

ఆయన బోర్డు వైపు చూడనేలేదు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నా చేతుల వైపు చూశారు.

"ఆడక్కర్లేదులే బాబూ. కాగితం ఇటివ్వు, సంతకం పెట్టేస్తా."