పిడి, పిడివాదం

మా మామగారు గడ్డం గీసుకునే మడత కత్తి వాళ్ల నాన్నగారిది. అంచు ఇప్పటికీ తళతళలాడుతుంది, పిడే వదులైంది. రెండు పల్చటి కొమ్ము బద్దల మధ్య కత్తిని పట్టి ఉంచే ఇత్తడి పిన్ను అరిగిపోయి, తెరిస్తే చాలు కత్తి ఊగిపోతుంది.

"అల్లుడుగారూ, మీరు ఇలాంటివి బాగుచేస్తారట కదా," అంటూ ఆయన దాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు.

ఆ పేరు తెచ్చుకున్నది నా నోటితోనే. పాత సామాన్ల బజారులో కొన్న రెండు తుప్పు కత్తులను తోమి, కనిపించిన వాళ్లందరికీ చూపించాను. పిన్ను మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

మా ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు బాగుచేస్తుంది. కంటికి ఆనని మరలు ఆవిడ చెప్పినట్టు వింటాయి. నేను వినను.

"ఆ పిన్నేదో నేను వేస్తా, ఇటివ్వండి," అంది.

"మీ నాన్నగారు నాకిచ్చారు."

"మీకు నోటితో సుత్తి కొట్టడమే వచ్చు. చేత్తో కొట్టడం వేరు."

"ఇది నా పరువుకు సంబంధించిన విషయం."

"పిడి వదులైనా మీ పిడివాదం మాత్రం గట్టిగానే ఉంది," అని బ్యాగు తగిలించుకుని దుకాణానికి వెళ్లిపోయింది.

ఆ రోజు నాకు సెలవు. సాయంత్రం మామగారు టీకి వస్తారు. ఈలోగా పూర్తి చేసి తండ్రీకూతుళ్లిద్దరినీ నోరెళ్లబెట్టేలా చేయాలని నా పథకం.

చూడటానికి సులువైన పనే. పాత పిన్ను తీసి, కొత్త ఇత్తడి తీగ దూర్చి, రెండు వైపులా చిన్న బిళ్లలు తొడిగి, తీగ చివరలను బుల్లి సుత్తితో తట్టాలి. చివర పువ్వులా విచ్చుకుని బిళ్లను పట్టుకుంటుంది. తట్టాలి, కొట్టకూడదు.

నలభై సార్లు తట్టాను. మడిస్తే కత్తి సరిగ్గా బద్దల నడుమకు దిగింది. బుద్ధున్న వాడు అక్కడ ఆగుతాడు. నేను గట్టిదనం కోసమని ఇంకొక్కటి వేశాను.

టిక్కుమంది. కొమ్ము బద్ద పిన్ను దగ్గర నిలువునా చీలింది.

క్షణంలో అతికే జిగురు తెచ్చి పోశాను. అతికింది. బద్దతో పాటు నా బొటనవేలూ చూపుడువేలూ అతుక్కున్నాయి.

అప్పుడే తలుపు తాళం తిరిగిన చప్పుడు. మడిచిన కత్తితో సహా చేతిని లాల్చీ జేబులోకి దోపాను.

"పనైందా?" అంది మా ఆవిడ.

"దాదాపు."

టీ ఇచ్చింది. ఎడమ చేత్తో అందుకున్నాను.

"కుడి చేతికేమైంది?"

"పొద్దున్నుంచీ కష్టపడింది. విశ్రాంతి ఇచ్చాను."

"అలాగా. టీ తాగేసి ఈ దుప్పటి మడతపెట్టాలి, ఆ రెండు కొసలూ పట్టుకోండి."

ఒక కొస ఎడమ చేత్తో, రెండోది పళ్లతో పట్టుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఏదో అనబోయేలోపు మామగారు రానే వచ్చారు.

"ఏదీ, మా నాన్న కత్తి?" అని అరచెయ్యి చాపారు.

ఇక దాచేదేముంది. జేబులోంచి చెయ్యి తీశాను, కత్తీ వచ్చింది.

"ఇదిగోండి."

"ఇవ్వండి మరి."

"ఇప్పుడిప్పుడే ఇవ్వలేనండీ."

మా ఆవిడ గోళ్లరంగు తుడిచే మందు తెచ్చి, దూదితో నా వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. ఆ మందు కారి రెండో వైపు బద్దకూ తగిలింది. నేను ముట్టుకోనైనా ముట్టుకోని ఆ బద్ద రెండు ముక్కలై బల్ల మీద పడింది.

మామగారు కిటికీలోంచి వీధిని పరిశీలించసాగారు.

"నాన్నా," అంది మా ఆవిడ.

"నేనూ ఒకసారి ప్రయత్నించానమ్మా. విరిగితే అతికించా. అల్లుడుగారి చేతిలో పెడితే ఎలాగూ మళ్లీ విరుగుతుంది, ఆ పేరేదో ఆయనకే..." అని ఆగిపోయారు.

నా పనితనం మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

మా ఆవిడ బ్యాగులోంచి రెండు కొత్త బద్దలు తీసింది. ఫ్రేములు చేసే గోధుమరంగు ప్లాస్టిక్ రేకులోంచి కోసి, నున్నగా తీర్చినవి.

"ఇచ్చిన రోజే జిగురు గీత కనబడింది నాన్నా. మిగిలిన బద్ద సంగతి ఈయన చూసుకుంటారని రెండూ కోసి పెట్టుకున్నా."

నన్ను దీపం పట్టుకోమంది. కొత్త బద్దల్లో పిన్ను దూర్చి, పసిపాప వీపు తట్టినట్టు తట్టింది. మడిచి చూసింది. సుత్తి కింద పెట్టేసింది.

మామగారు నాలుగుసార్లు తెరిచి మూశారు. "మా నాన్న చేతిలో ఇలాగే ఆడేది," అన్నారు గొంతు తగ్గించి. మళ్లీ కూతురి చేతిలోనే పెట్టారు. "నీ దగ్గరే ఉంచమ్మా. మాకు గడ్డం పెరిగితే నిన్నే అడుగుతాం."

మా ఆవిడ వాళ్ల నాన్న దగ్గర కత్తి తీసుకోవడంతో పాటు గడ్డం గీయడం కూడా నేర్చుకుంది. ఆదివారం పొద్దున నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నురగ రాసి, ఎంతో ప్రేమగా గీస్తుంది. కత్తి గొంతు దగ్గరికి వచ్చాక చెయ్యి ఆపి అడుగుతుంది: "ఈ వారం నాకు తెలియకుండా ఏం బాగుచేశారు?"

నేను గడ్డం కదలకుండా అన్నీ చెప్పేస్తాను. ఇస్త్రీపెట్టె సంగతి మొన్ననే బయటపడింది.