నాణ్యమైన అంపైర్ కావలెను

2011 మే నెల మొదటి వారానికి, మిషిగన్‌లో ట్రాయ్ ఊరిని ఆనుకుని ఉన్న ఒక హైస్కూల్లో బేస్‌బాల్ అంపైర్ల నాణ్యత నూటికి నూరు శాతానికి చేరుకుందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అదే వారానికి అక్కడ అంపైర్ల సంఖ్య సున్నాకు చేరుకుంది. ఈ రెండు ఘనవిజయాలకూ కారకుడు ఫణికుమార్.

ఫణికుమార్ కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ మేనేజర్. కొడుకు నీల్ స్కూలు జట్టులో పిచ్చర్, అంటే మన లెక్కలో బౌలర్. ఏప్రిల్ మొదట్లో నీల్ వేసిన ఒక బంతిని వాల్టర్ అనే అంపైర్ ‘బాల్’, అంటే గురి తప్పిన బంతి, అన్నారు. అది గురిలోనే పడిన ‘స్ట్రైక్’ అని ఫణికుమార్ నలభై గజాల దూరం నుంచి, పక్కావిడ గొడుగు సందులోంచి స్పష్టంగా చూశాడు. వాల్టర్ మూడడుగుల దూరం నుంచి చూశారు కాబట్టి పొరపాటుపడ్డారు. ఆ వారాంతానికే ‘అంపైర్ నాణ్యతా సంఘం’ ఏర్పడింది. అధ్యక్ష పదవికి ఫణికుమార్ పేరును ఫణికుమారే ప్రతిపాదించగా, రెండు గంటల చర్చకు అలిసిపోయి ఉన్న తల్లిదండ్రులు ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఇదంతా మడత కుర్చీలో కూర్చుని చూస్తున్న మనిషి ఒకరున్నారు. ఆయన ఫణికుమార్ తండ్రి అనంతరామయ్యగారు. మార్చి ఆఖరున భార్య రాజేశ్వరమ్మతో కలిసి వచ్చారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ఇల్లు కదలరు. ఈయన మాత్రం మంకీ క్యాప్ తగిలించుకుని, ఒక్క ఆట కూడా వదలకుండా మనవణ్ణి చూడ్డానికి వెళ్ళేవారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫైనాలుగేళ్ళు కాటా గుమాస్తాగా చేశారాయన. చెరకు బండి కాటా ఎక్కిందంటే తూకం తక్కువ చూపించాడని రైతూ, ఎక్కువ చూపించాడని మేనేజరూ తిట్టేవారు. రెండు వైపుల నుంచీ తిట్లు సమానంగా పడుతున్నంతకాలం ముల్లు సరిగ్గా ఉన్నట్టేనని ఆయన నమ్మకం.

సంఘం చేపట్టిన మొదటి సంస్కరణ నలభై ఏడు ప్రశ్నల ఫారం. ఆట అయ్యాక రెండు జట్ల తల్లిదండ్రులూ అంపైర్‌కి నూటికి మార్కులు వేయాలి. తొంభైకి తగ్గితే తొలగింపు. గెలిచినవాళ్ళు నూటికి నూరు వేశారు, ఓడినవాళ్ళు సున్నా వేశారు. ఆరుగురు అంపైర్లకూ సగటున యాభయ్యే వచ్చింది. అందరూ నాసిరకమేనని గణితశాస్త్రమే తేల్చి చెప్పాక సంఘం చేయగలిగింది ఏముంటుంది?

“రెండు వైపులా సరిసమానంగా వచ్చిందంటే, ఆ వాల్టర్‌గారు సరిగ్గానే చేసినట్టు కదరా?” అని అనంతరామయ్యగారు ఒక సాయంత్రం టీ తాగుతూ అడిగారు.

“నాన్నగారూ, ఇది క్వాలిటీ సబ్జెక్ట్. మీకు తెలీదు, లీవ్ ఇట్,” అన్నాడు ఫణికుమార్.

ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు మెరుగుపడటం మొదలుపెట్టారు. ఒకాయన మోకాళ్ళ నొప్పులని మానేశారు. ఇంకొకతన్ని పార్కింగ్‌లో నలుగురు తండ్రులు చుట్టుముట్టి సలహాలివ్వగా, అతను కారు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. మూడో అతను మనశ్శాంతి కోసం జైలు గార్డు ఉద్యోగంలో చేరాడు. ఇద్దరు ఫోన్ నంబర్లు మార్చుకున్నారు. చివరికి వాల్టర్ మిగిలారు. ఇరవై ఏడేళ్ళుగా అంపైర్ చేస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మాన్ ఆయన. వెళ్ళే రోజున మడత కుర్చీ దగ్గర ఆగి, బ్యాట్ పట్టుకున్నవాడి ముందు నేలమీద ఉండే ప్లేటును తుడిచే చిన్న బ్రష్ తీసి అనంతరామయ్యగారి చేతిలో పెట్టారు. ఈ సీజన్‌లో నా మీద అరవనిది మీరొక్కరే అని నిదానంగా ఇంగ్లీషులో అన్నారు. నిదానంగా మాట్లాడితే అనంతరామయ్యగారికి ఇంగ్లీషు అర్థమవుతుంది. అరిస్తే మాత్రం ముక్క బోధపడదు.

ఆ వారం సంఘం నివేదికలో ఇలా ఉంది: ‘అంపైర్లు లేని కారణంగా మూడు ఆటలు వాయిదా పడినవి. హర్షించదగిన విషయమేమనగా, ఆ మూడింటిలోనూ ఒక్క తప్పుడు నిర్ణయం కూడా జరగలేదు.’ ఈ ఫలితాలకు ముగ్ధులైన చుట్టుపక్కల స్కూళ్ళవాళ్ళు కూడా ఫారం కాపీలు పట్టుకెళ్ళి, పదిహేను రోజుల్లో అదే స్థాయి నాణ్యత సాధించారు.

అయితే పిల్లలు ఆడకపోతే కాలేజీ అప్లికేషన్లలో రాసుకోవడానికి ఏమీ ఉండదని ఒక తల్లి గుర్తించింది. అప్పటిదాకా ఎవరికీ రాని ఆందోళన అందరికీ ఒకేసారి వచ్చింది. స్కూలువారు అత్యవసర ఉత్తర్వు వెలువరించారు. అన్ని ఆటలకూ హాజరై, ఎవరిమీదా అరవకుండా, ఎవరిచేతా ఫిర్యాదు చేయించుకోకుండా ఉన్న పెద్దవారెవరైనా తాత్కాలిక అంపైర్‌గా పనికొస్తారని దాని సారాంశం. హాజరుపట్టీలో రెండువందల పన్నెండు మంది పేర్లున్నాయి. ఫిర్యాదుల ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరే కొట్టేసుకుంటూ పోగా, ఆఖరికి ఒకటే పేరు మిగిలింది. స్కూలు సెక్రటరీకి దాన్ని పలకడానికి చాలాసేపు పట్టింది.

“పే తీసుకోరు కాబట్టి వీసా ఇష్యూ ఏం లేదు నాన్నగారూ. ప్యూర్ వాలంటీర్ వర్క్. మీరు ఊరికే వెనకాల నిలబడి, స్ట్రైక్ అయితే చెయ్యి లేపండి, అంతే,” అన్నాడు ఫణికుమార్.

నేర్పడం నీల్ వంతయింది. పెరట్లో ప్లేటు పెట్టి, తన మోకాళ్ళ దగ్గరా ఛాతీ దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి చూపించాడు.

“తాతా, బాల్ ప్లేట్ మీద వస్తది, ఇక్కడ నుంచి ఇక్కడ వరకు, అది స్ట్రైక్. బయట పోతే బాల్. నాలుగు బాల్స్ అయితే బ్యాట్ పట్టుకున్నవాడు ఫ్రీగా ఫస్ట్ బేస్‌కి పోతాడు. మూడు స్ట్రైక్స్ అయితే వాడు అవుట్. దట్స్ ఇట్.”

“మధ్యలో సర్దుబాట్లేమీ లేవా?”

“నో తాతా.”

“నువ్వు వేసినా?”

నీల్ ఒక్క క్షణం ఆలోచించాడు. “నేను వేసినా సేమ్,” అన్నాడు.

అనంతరామయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. రిటైరయ్యాక పదకొండేళ్ళకు మళ్ళీ కాటా దగ్గర కూర్చోబెట్టినట్టు అనిపించింది. రూల్సు పుస్తకం మూడుసార్లు చదివారు. మంకీ క్యాప్ మీద ఇనుప మాస్కూ, స్వెట్టర్ మీద ఛాతీ కవచమూ తొడుక్కుని, వాల్టర్ ఇచ్చిన బ్రష్ జేబులో పెట్టుకుని మైదానంలో దిగారు.

ఆయనంత గొప్ప అంపైర్‌ని ఆ జిల్లా ఎరగదు. జనం ఎంత అరిచినా చలించరు. ఎవరైనా మరీ గొంతు చించుకుంటే అటు తిరిగి నమస్కారం పెట్టి, వంగి ప్లేటు తుడిచి, మళ్ళీ నిలబడేవారు. నమస్కారం పెట్టినవాణ్ణి ఏమనాలో అమెరికన్ తండ్రులకు తోచేది కాదు. మొదటి ఆటలోనే సొంత మనవడు వేసిన బంతుల్ని వరసగా నాలుగు బాల్స్ అనడంతో ఎదుటి జట్లవాళ్ళకు కూడా ఆయన మీద గురి కుదిరింది. ఫారాల్లో సగటు యథాప్రకారం యాభయ్యే వచ్చింది గానీ, అధ్యక్షుడి తండ్రి కాబట్టి సంఘం దాన్ని ప్రత్యేక సందర్భంగా పరిగణించింది.

“వాళ్ళంతా ఏమని అరుస్తున్నార్రా?” అని ఒకసారి కారులో మనవణ్ణి అడిగారు.

నీల్ కిటికీలోంచి బయటికి చూస్తూ, “గుడ్ జాబ్ అంటున్నారు తాతా,” అన్నాడు.

ఇంతటి ప్రతిభను ఊరికే వదిలేస్తే మనం తెలుగువాళ్ళమెలా అవుతాం? స్థానిక తెలుగు సంఘంవారు ఒక ఆదివారం ఆయనకు శాలువా కప్పి, ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. సభలో ఫణికుమార్ గద్గద స్వరంతో ఇలా అన్నాడు: “సభకు నమస్కారం! అంపైర్ అంటే ఎవరు? తన వాళ్ళు, పరాయివాళ్ళు అనే డిఫరెన్స్ లేని మహానుభావుడు! మా నాన్నగారు నాకిచ్చిన ఆస్తి ఏమిటని అడిగితే, ఆ నిష్పాక్షికతే అని చెప్తాను!” చప్పట్లు మారుమోగాయి. అనంతరామయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు.

జూన్ మొదటి శనివారం జిల్లా ఫైనల్ జరిగింది. నీల్ అప్లికేషన్‌లో ‘డిస్ట్రిక్ట్ ఛాంపియన్’ అని ఫణికుమార్ ముందే రాసిపెట్టాడు, గెలవడం ఒక్కటే మిగిలింది. నీల్ జట్టు ముందు బ్యాటింగ్ చేసింది. ఎదుటివాళ్ళ ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానమైంది. మూడు బేసుల మీదా వాళ్ళ పిల్లలే ఉన్నారు. బ్యాట్ పట్టుకున్న కుర్రాడికి రెండు స్ట్రైకులు, మూడు బాల్స్ అయ్యాయి. ఇంకొక స్ట్రైక్ పడితే వాడు అవుటై ఆట కొనసాగుతుంది. బాల్ పడితే అది నాలుగోది, అందరూ తలా ఒక బేసు ముందుకు జరుగుతారు కాబట్టి ముందువాడు నడుచుకుంటూ వచ్చి పరుగు చేస్తాడు, వాళ్ళు గెలిచి ఆట ముగుస్తుంది.

నీల్ విసిరాడు. కుర్రాడు బ్యాట్ కదపలేదు. బంతి ప్లేటు అంచుకు రెండంగుళాల అవతల నుంచి పోయి క్యాచర్ చేతిలో పడింది.

రెండంగుళాలు. మనవడి ముఖం ఎదురుగా ఉంది. చెయ్యి లేపితే తప్పుపట్టగలిగిన మనిషి మైదానంలో లేడు. అనంతరామయ్యగారి కుడిచెయ్యి బరువెక్కింది. దాన్ని అలాగే కిందనే ఉంచి, “బాల్,” అన్నారు.

ఎదుటి జట్టువాళ్ళు గంతులు వేశారు. ఈ వైపున రోజూ ఉండే అరుపులు మొదలయ్యాయి, ఆయనకు అలవాటైన, ముక్క బోధపడని అరుపులు. అలవాటు ప్రకారం అటు తిరిగి చేతులు జోడించబోయారు. ఆ గోలలోంచి ఒక గొంతు వచ్చింది.

“కళ్ళు పోయాయా ముసలోడా! మనవడి కొంప ముంచావు గదా! చేతగానప్పుడు ఎందుకొచ్చావ్? పో, ఇంటికి పో!”

ఫెన్సింగ్ పట్టుకుని ఊపేస్తున్న ఫణికుమార్ నోటి నుంచి ఇంగ్లీషు రాలేదు. మరీ కోపం వస్తే ఎవరికైనా సొంత భాషే వస్తుంది. పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ‘మీరు’ తప్ప ఇంకో మాట అనని కొడుకు. పక్కనే ఉన్న తెల్లవాళ్ళు అదే ఊపుతో, అదే ముఖంతో, అలాగే వేలు చూపిస్తూ అరుస్తున్నారు. సీజన్ మొత్తంలో ఆయనకు అర్థమైన మొదటి మాటలు అవి. దాంతో మిగిలినవన్నీ కూడా ఒక్కసారిగా అర్థమైపోయాయి. ఆయన మనసు చివుక్కుమంది. కాటా దగ్గర ముప్ఫైనాలుగేళ్ళూ తిట్లు తిన్నారు గానీ, ఇంట్లోవాళ్ళెవరూ అక్కడికి వచ్చి తిట్టలేదు.

వంగి, ఆట అయిపోయిన ప్లేటును బ్రష్‌తో శుభ్రంగా తుడిచారు. నీల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తాతా, ఇట్ వాజ్ అ బాల్,” అన్నాడు.

“తెలుసు నాన్నా,” అన్నారాయన.

కారులో ఫణికుమార్, అది తండ్రిని అన్నది కాదనీ, అంపైర్‌ని అన్నదనీ, ఈ రెంటినీ కలిపి చూడకూడదనీ ఓపికగా వివరించాడు. ఇంటికొచ్చాక రాజేశ్వరమ్మ ఆయన కాళ్ళకు వేడినీళ్ళిస్తూ, “ఆట ఓడిపోయార్టగా. మనవాడు ఏమన్నాడు?” అని అడిగారు. మనవాడంటే కొడుకా, మనవడా అని ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు.

“గుడ్ జాబ్ అన్నాడు,” అన్నారు అనంతరామయ్యగారు. మర్నాడు తిరుగు టికెట్టు ముందుకు జరిపించారు.

సంఘం వార్షిక నివేదికలో అంపైర్ల కొరతకు గల కారణాలు మూడని ఉంది: వాతావరణం, మోకాళ్ళు, వీసా. దాని వెనక పేజీలో వచ్చే సీజన్‌కి ఒక ప్రకటన కూడా వేశారు. నాణ్యమైన అంపైర్ కావలెనట. అనుభవం అక్కర్లేదు, చూపు అక్కర్లేదు. గతానుభవం దృష్ట్యా ఇంగ్లీషుతోపాటు తెలుగు కూడా అర్థం కానివారికే అవకాశమని స్పష్టంగా రాశారు. మీరు ఇంతదూరం చదివారు కాబట్టి మీరు పనికిరారు. ఫెన్సింగ్ ఇవతల మాత్రం మీకెప్పుడూ చోటుంటుంది.