నాయనమ్మ మూడో ప్రతి

మనిషికి జరిగినదంతా చిత్తుప్రతి మాత్రమేనని కనిపెట్టిన మహానుభావుడు మన ఆబిడ్స్‌లోనే ఉన్నాడు. పేరు విజయేందర్ సారు. మా బిడ్డ అక్షిత చదివే బడిలో స్వీయానుభవ రచనల సవరణ విభాగానికి అధిపతి. ఆయన మీద నాకో ఫిర్యాదుంది. (ఆరో తరగతిలో బడి మానేసినవాడి ఫిర్యాదు, సారు దీన్నీ సవరించుకోవచ్చు.)

ఏడో తరగతి పిల్లలు 'మరచిపోలేని రోజు' రాయాలి. బాగున్నవి వార్షికోత్సవంలో వేదిక మీద చదివిస్తారు. దొంగ వేలిముద్రతో మా భూమి రాయించుకున్నవాళ్ల మీద వేసిన కేసు కొట్టేసిన రోజును అక్షిత రాసింది. ఆ సాయంత్రం ఊరికి పోయే రైలు కోసం ఎదురుచూస్తూ నాంపల్లి స్టేషన్ బెంచీ మీద వాళ్ల నాయనమ్మ కిష్టవ్వ సద్దిమూట విప్పి, అదే రైలు కోసం నిలబడ్డ అవతలి వకీలును పిలిచి సర్వపిండి పెట్టింది. "తిను బిడ్డా, పొద్దటిసంది అరిచినవ్" అంది. 'నాకు ఏడుపొచ్చింది, కానీ సర్వపిండి బాగుంది' అని అక్షిత ముగించింది.

'సంఘటన ప్రతికూలంగా ఉన్నది. సరిదిద్దవలెను' అని ఎర్రసిరాతో తిరిగొచ్చింది. నేను బడికి వెళ్లాను.

"కేసు ఓడిపోయినం సార్. పిల్ల ఇంకేం రాయాలె?"

"ఓడిపోతే నీతి ఏముంటది అంజయ్య గారూ? జర పాజిటివ్‌గా చూడున్రి."

"జడ్జి చూడలే సార్."

(విభాగం నియమావళి ప్రకారం స్వీయానుభవంలో విద్యార్థి సొంత అనుభవం ముప్పై శాతానికి మించరాదు. మిగతాది విభాగమే సమకూరుస్తుంది.)

రెండో ప్రతిలో వకీలు పోయాడు. ఓడించినవాడికి తిండి పెట్టడం నమ్మేటట్టు లేదట. సర్వపిండి కేకు అయింది, వర్ణనకు అనుకూలమని. నాంపల్లి స్టేషన్లో మలయమారుతం వీచింది. మూడో ప్రతిలో మేం కేసు గెలిచాం. న్యాయమూర్తి స్వయంగా లేచి నాయనమ్మకు దండం పెట్టి భూమి తిరిగి ఇచ్చాడు. 'సత్యమే గెలుస్తుంది' అనే ముగింపు సారు సొంతం. కుక్కపిల్ల తప్పిపోయిన పిల్లవాడి రచనకూ అదే ముగింపు.

"సార్, ఇది నాది కాదు" అంది అక్షిత.

"ఫికర్ లేదమ్మా. నీకిష్టం లేకుంటే నీ అనుభవం సెక్షన్ బీ పిల్ల చదువుతది."

అక్షితే చదివింది. మొదటి బహుమతి వచ్చింది. ముందు వరుసలో కూర్చున్న మా అమ్మ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. ఎందుకో ఆటోలో తెలిసింది.

"ఏందిరా, పై కోర్టుల గెలిచినమా? నాకు చెప్పకపోతివి!"

"గెలువలేదమ్మా. అది బడిల రాసిన ముచ్చట."

"గంతమంది ముంగట, మైకుల, బడోళ్లు అబద్ధం చెప్పిస్తరా? నడువ్, రేపే పోదాం. ఇత్తులు కొనాలె. ట్రాక్టరు కిరాయికి మాట్లాడు."

అక్షిత బహుమతి కప్పును ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెట్టింది. నేను అమ్మకు మొదటినుంచి మళ్లీ చెప్పాను: వేలిముద్ర, కోర్టు, తీర్పు. ఆటో గౌలిగూడ దాటేసరికి ఆమెకు అర్థమైంది. ట్రాక్టరు మాట్లాడొద్దని చెప్పింది.

విజయేందర్ సారు దయవల్ల మా కుటుంబం అదే భూమిని రెండోసారి పోగొట్టుకుంది: ఎకరం పన్నెండు గుంటలు.