గంటల కంపెనీ రహస్యం

వీధి మలుపులో సైకిలు గంట మోగితే, వస్తున్నది ఎవరో వంటింట్లోంచే చెప్పేసే రోజులవి. ఆ గంటలు పుట్టింది ఒక పాత రేకుల షెడ్డులో. ఆ కంపెనీకి ఏటా నివేదిక రాసే గుమాస్తాను అందరూ ఫుల్‌స్టాప్ అనేవాళ్లు. ఎంతమంది ఎంత అరిచినా చివర చుక్క పెట్టేది ఆయనే మరి.

ఆ ఉదయం ఆయన ఆలోచన చిన్నది: భోజనం వేళకు నివేదిక ముగించి, ఇంటికెళ్లి ఓ కునుకు తీయడం. టైపు మిషన్‌లో కాగితం ఎక్కించాడో లేదో యజమాని ఊడిపడ్డాడు.

"గంటల మోత సరిచూసే గది దండగయ్యా. మిషన్ తెప్పిస్తున్నా. నివేదికలో విలువ కనపడని గదికి ఇక తాళమే!"

ఆ గదిలో ఉన్నది ఫుల్‌స్టాప్ బావమరిది. ప్రతి గంటనూ చెవి దగ్గర మోగించి, అంచు ఆకురాయితో గీకి, మళ్లీ మోగించేవాడు. కబురు ఇంటిదాకా పాకింది. భార్య టెలిఫోనులో తేల్చేసింది: "మా తమ్ముడి పని ఊడితే ఈ గుమ్మం తొక్కకండి."

ఫుల్‌స్టాప్ కసిగా టైపు కొట్టాడు: 'మా అసలు ఆస్తి మా మోత గదిలోని చెవులు.'

యజమాని చదివి గుండె పట్టుకున్నాడు. "కొంప ముంచావు! పోటీవాడు చదివితే కారేసుకొచ్చి నీ బావమరిదిని ఎత్తుకుపోడూ? కొట్టెయ్!"

"కొట్టేస్తే తాళం వేస్తారు కదండీ?"

"అది వేరే సంగతి."

కంపెనీల నిజాయితీ ఇంతే. వాటాదారు అడిగితే ఛాతీ విరుచుకుంటాయి, పోటీదారు తొంగిచూస్తే ముసుగు తన్నేస్తాయి. ఒళ్లు మండి ఫుల్‌స్టాప్ ఇలా మార్చాడు: 'మా గంట మోతలో ఒక రహస్యం ఉంది. అది ఎవరి దగ్గరుందో చెప్పం.' యజమాని మురిసిపోయి అచ్చు వేయించాడు.

అంతే, షెడ్డు తలకిందులైంది. పూత వేసే ఆవిడ తొట్టికి తెర కట్టేసింది. "రహస్యం నా పూతలోనే ఉంది, ఎవరూ తొంగిచూడొద్దు!" స్ప్రింగులు చుట్టే ముసలాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "ఇన్నేళ్లకు గుర్తించారురా నన్ను!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అన్నేళ్లూ ఆ మనుషులకేం తెలుసని అడిగిన నాథుడు లేడు.

చివరికి యజమానికే అనుమానం పట్టుకుంది. "ఒకవేళ రహస్యం నిజంగా ఆ మోత గదిలోనే ఉంటే? తాళం వద్దు, మిషన్ వద్దు. ఎవర్నీ కదపకండి!"

"బతికించావు బావా," అన్నాడు బావమరిది.

వారం తిరక్కుండా గేటు ముందు పోటీ కంపెనీ కారు ఆగింది. యజమాని పరుగున వెళ్లి మోత గది తలుపుకు అడ్డంగా చేతులు చాపాడు. పోటీ యజమాని ఆయన్ను దాటుకుని నేరుగా టైపు మిషన్ దగ్గరికి నడిచాడు.

"ఏమీ చెప్పకుండా మా ఆఫీసంతటికీ నిద్ర చెడగొట్టిన ఆ ముక్క రాసింది మీరేనా? మా దగ్గరికొచ్చెయ్యండి సార్!"

'సార్' అనిపించుకోవడం ఫుల్‌స్టాప్‌కు అదే మొదలు. లోపల ఎక్కడో ఒక గంట మోగింది, ఆగింది, ఇంకాస్త తీయగా మోగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ మోత లేని చోట నాకు రాత సాగదండీ."

మరుసటి ఏడు నివేదికలో ఆ చెవుల మీద నాలుగు పేజీలు అచ్చయ్యాయి. వాటిని రాసినవాడి పేరు మాత్రం యజమాని వేయనివ్వలేదు.