చివరి ఆయకట్టు వేళ్లు

మండలంలో మనుషుల ఒంట్లో నెత్తురు పారించే పనిని కూడా కాలువల శాఖకే అప్పగించాక, గంగామణి వేళ్లు చివరి ఆయకట్టు కింద పడ్డాయి. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. గుండె పైన ఉంది, వేళ్లు చివర ఉన్నాయి. ఆమె అత్తగారి పొలం కూడా కాలువకు అట్లాగే చిట్టచివర ఉంది.

గంగామణి ఇంట్లో బీడీలు చుట్టి, పొద్దున్నే సైకిల్ మీద పక్క ఊరి కార్ఖానాలో అప్పజెప్పి, ఆకూ తంబాకూ తెచ్చుకుంటుంది. చలికాలం రాగానే శాఖవాళ్లు నెత్తురును ఒంటి నడుమ నిల్వచేసి కొద్దికొద్దిగా వదులుతారు. సైకిల్ తొక్కుతుంటే ఆ కొద్దినీ తొడలు లాగేసుకుంటాయి, కాలువకు మోటార్లు పెట్టిన పై రైతుల మాదిరిగా. ఊరు దాటేసరికి ఆమె వేలికొనలు తెల్లబడేవి. కాలివేళ్లు చెప్పుల్లో ఉన్నాయో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చేది. బ్రేకు పట్టుకున్న సంగతి చేతికి తెలిసేది కాదు. సైకిల్ ఆగితే పట్టుకున్నట్టు.

శాఖ జాగ్రత్తలు చెప్పింది. హ్యాండిల్ బిగించి పట్టవద్దు. ఛాతీకి శాలువా చుట్టుకుంటే పైన వెచ్చబడి కిందికి కాస్త వదులుతారు. మధ్యలో దిగి నడవాలి, చేతులు గిరగిర తిప్పాలి. గంగామణి అన్నీ పాటించింది. పాత స్వెట్టర్ చేతులు కత్తిరించి కాళ్లకు తొడిగింది, హ్యాండిల్‌కు గుడ్డ చుట్టింది. కల్వర్టు దగ్గర బీడీల ఆడవాళ్లందరూ సైకిళ్లకు స్టాండు వేసి, వరుసగా నిలబడి చేతులు తిప్పేవారు. బస్సులో పోయేవాళ్లు మొదట్లో కిటికీల్లోంచి చూసేవారు. తర్వాత మానేశారు.

తూములు ఎత్తే లష్కరు సాయన్న కూడా అక్కడికే వచ్చేవాడు. ఒకరోజు గంగామణి ఎడమ మణికట్టు దగ్గర తాళంచెవి తిప్పి తెరిచి, కుడిచేతిని మూసే ఉంచాడు.

“ఇయ్యాల ఎడమదాని వంతక్కా.”

“ఎడమచేత్తోని బీడీ ఎట్ల చుట్టాలె సాయన్నా?”

“చుట్టకు. వెచ్చగుంటది, పట్టుకోని కూసో.”

కుడివేళ్లు మొద్దుబారి బీడీ కొసలు సరిగా మడతపడలేదు. కార్ఖానాలో సగం తీసి పక్కన పడేశారు. ఇట్లాగే తెస్తే ఇక ఆకు ఇవ్వమన్నారు.

గంగామణి సెక్షన్ ఆఫీసుకు వెళ్లింది. ఏఈ గారి అరచేతులు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. శాఖవాళ్ల చేతులు మొదటి తూము కిందికి వస్తాయట. ఆయన మంచివాడు, కూర్చోమని టీ కూడా ఇప్పించాడు. గ్లాసు కాలుతోందని ఆయన చెబితేగానీ ఆమెకు తెలియలేదు.

“పైనోళ్లు తాగినంక మిగిలితేనే గదమ్మా కిందికి. ఒక పని జెయ్యి. ఈ ఒక్క పంటకారుకు చేతికి రెండు వేళ్లు బీడు లెక్క పడావు పెట్టు. వాటి వాటా మిగిలినవాటికి ఇస్తం. కాళ్లకైతే బొటనవేలు చాలు, చెప్పు నిలుస్తది.”

“ఏ వేళ్లు సారూ?”

“అది నీ ఇష్టం. మేం బలవంతం పెట్టం.”

ఆమె దారంతా ఆలోచించింది. ఆకు చుట్టడానికి బొటనవేలూ చూపుడువేలూ కావాలి, దారానికి నడిమివేలు కావాలి. ఉంగరం తీసి నడిమివేలికి మార్చుకుంది.

మర్నాడు సాయన్న వచ్చి పడావు వేళ్ల మొదట్లో తలుపులు దించాడు. మిగిలినవి ఎర్రబడ్డాయి. బీడీలు మళ్లీ కుదురుగా వచ్చాయి, కార్ఖానాలో ఆకు ఇచ్చారు. సైకిల్ షాపులో బ్రేకును మిగిలిన వేళ్లకు అందేట్టు వంచి ఇచ్చారు. కొన్నాళ్లకు కల్వర్టు దగ్గర ఆగిన సైకిళ్లన్నిటివీ వంగిన బ్రేకులే.

ఎండలు ముదిరాయి. ఈసారి నెత్తురు పుష్కలంగా ఉందని శాఖ ప్రకటించింది. గంగామణి పడావు వేళ్లు చాపి కల్వర్టు దగ్గర నిలబడింది. సాయన్న ఆ వేళ్ల వంక చూడలేదు. మూడింటితో పని నడుస్తోంది కాబట్టి మిగతావాటిని ఆయకట్టులోంచి తీసేశారని, ఇకమీదట చెయ్యి అంటే మూడు వేళ్లేనని పైనుంచి చెప్పారని అన్నాడు. వాటి వాటా ఇప్పుడు ఎటు పారుతోందని ఆమె అడగలేదు.

సాయంత్రం అత్త లసుమవ్వ ఆ చల్లటి వేళ్లను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు రుద్దింది.

“మన పొలం గూడ మొదాలు ఒక్క కారే పడావు పెట్టుమన్నరు బిడ్డా,” అంది.

వాకిట్లో నుంచి చూస్తే ఆ పొలం కనిపిస్తుంది. దాని నిండా తుమ్మచెట్లు ఏపుగా పెరిగి ఉన్నాయి. గంగామణి నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకో ఆకు అందుకుంది.