రోబో మీద కేసు

“ఇయ్యాల్టి సంది నాందేడ్‌ల సత్కారాలన్నీ రోబోనే చేస్తది. మనిషి చెయ్యి తగిలే పనే లేదు,” అని 2006లో మంత్రి వినాయక్‌రావుగారు ప్రకటించినప్పుడు, ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు పులకరించింది. ఇంత ముందుచూపు ఉన్న నాయకుడు దొరకడం మా జిల్లా అదృష్టం.

వేదిక మీద మంత్రిగారి చుట్టూ, మునిసిపల్ ఎన్నికల్లో టికెట్ అడిగి దక్కని కార్యకర్తలంతా భక్తిగా నిలబడ్డారు. ఎదురుగా పూలదండతో రోబో. మంత్రిగారు రిమోట్ నొక్కారు. హాలంతా చీకటైపోయింది. కొత్త టెక్నాలజీ కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాం. ఇంతలో ఛెళ్లుమని చప్పుడు. ఎవరో తలుపులు తెరిచేసరికి మంత్రిగారు చెంప పట్టుకుని ఉన్నారు.

“రోబో కొట్టింది!” అని కార్యకర్తలు ఒక్క గొంతుతో అరిచారు.

రోబోను టెంపోలో వేసుకుని ఠాణాకు పోయారు. మేమూ వెంట నడిచాం.

“పేరేంది? తండ్రి పేరు?” అని ఎస్సై మంగేశ్ గద్దించాడు. రోబో పలకలేదు. “వకీలు లేకుంట నోరు తెరుస్తలేదు. మస్తు హుషారుంది,” అని మెచ్చుకున్నాడు.

ఆ వకీలు రానే వచ్చింది. రోబో కంపెనీ తరఫున, రూపాలి.

“కాయదాల మిషన్ మీద కేసు లేదు సాబ్, అసొంటి చట్టమే లేదు. నడిపినోళ్ల మీద పెట్టాలె.”

“నడిపిందెవరు?”

“రిమోట్ మంత్రి సాబ్ చేతులనే ఉండె గద!”

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. తన చెంప తానే వాయించుకున్న మంత్రికి ఏ సెక్షన్ వర్తిస్తుందో ఎవరికీ తోచలేదు. చివరికి ఒక కార్యకర్త దారి చూపించాడు.

“వైరు పెట్టింది పోచన్న!”

హాలు ఎలక్ట్రీషియన్ పోచన్నను పట్టుకొచ్చారు.

“పిల్లలుగలోన్ని సారూ! వైరు పెట్టిన, నిజమే. గని అప్పుడు లోడ్ షెడ్డింగ్ ఉండె. కరెంటే లేదు. రోబో ఎట్ల కొడ్తది?”

మంత్రిగారు ఒక్కొక్క కార్యకర్త మొహం చూశారు. వాళ్లంతా రోబో వైపు చూస్తున్నారు.

“రాసుకో మంగేశ్,” అన్నారాయన గంభీరంగా. “కరెంటు లేకున్నా కొట్టే రోబో. దీని కోసం సక్త్ కాయదా తెస్త, మస్తు గట్టిది. పోచన్నను ఇడువు.”

పోచన్న దండం పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. రోబోను లాకప్‌లో నిలబెట్టారు.

బయట కార్యకర్తలు పోటీపడి కారు తలుపు తెరిచారు. మంత్రిగారు రెండడుగులు వెనక్కి వేశారు.

“మీరు పోండ్రి. నేను ఆటోల అస్త.”

ఆయన నిరాడంబరతకు మేమంతా చప్పట్లు కొట్టాం.